కాలేజీ కరెంటు బిల్లు, ఎనర్జీ ఆడిట్: ఒంగోలు మేడంగారి ప్రశ్నకు నా జవాబు

మేడం, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒంగోలు దగ్గర మీ ఇంజనీరింగ్ కాలేజీలో మూడు అకడమిక్ బ్లాకులు, రెండు హాస్టళ్ళు ఉన్నాయి. కాంట్రాక్టు డిమాండు (ఒకేసారి ఇంతవరకు వాడుకుంటామని కరెంటు సంస్థతో రాసుకున్న పరిమితి) 250 కేవీఏ. నెల బిల్లు నాలుగు లక్షల దాకా వస్తోంది. నాలుగు నెలల్లో న్యాక్ (కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ) టీం రాబోతోంది కాబట్టి ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు ఎక్కడ ఎంత పోతోందో కొలిచి చూడడం, చేయించే పని ప్రిన్సిపాల్ గారు మీ మీద పెట్టారు. ఈలోపు ఒకాయన వచ్చి, 200 కిలోవాట్ల సోలార్ పెట్టేస్తే ఆడిట్ గీడిట్ ఏమీ అక్కర్లేదన్నాడు. ఏది ముందు?

ఆడిట్ ముందు, సోలార్ చివర. ఎందుకో చెప్పడానికి కాస్త పొడుగు రాయక తప్పదు. నేను నెల్లూరులో ఉంటాను. కొన్నాళ్ళు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి, తర్వాత బీఈఈ (ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పరీక్ష రాసి ఆడిటర్‌నయ్యాను. కరెంటు పంపిణీలో మీ జిల్లా సీపీడీసీఎల్ కింద, మాది ఎస్పీడీసీఎల్ కింద ఉన్నా రాష్ట్రమంతా టారిఫ్ ఒకటే కాబట్టి ఇక్కడి లెక్కలు అక్కడా పనికొస్తాయి.

ముందు ఒక హెచ్చరిక. న్యాక్ మదింపులో పర్యావరణ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ క్రమం తప్పకుండా చేయిస్తున్నారా అని అడుగుతారు. చాలా కాలేజీలకు ఆ సంగతి టీం వచ్చే ముందు నెలలో గుర్తొస్తుంది. అప్పుడు చేసేది ఆడిట్ కాదు, ఫైలు. అలాంటి ఒక రిపోర్టు నా చేతికొచ్చింది. స్పైరల్ బైండింగ్ బాగుంది, ఫొటోలు బాగున్నాయి, పదిహేడో పేజీలో మాత్రం ఇంకో కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది. రెండేళ్ళుగా అది బీరువాలో ఉంది, ఎవరూ తెరిచి చదవలేదు. మీకు నాలుగు నెలల టైముంది కదా, అసలుదే చేయించండి. ఫైలు దాంట్లోంచి దానంతటదే వస్తుంది.

ఆడిటర్‌ని పిలిచే ముందు మీరే చేయగల పని ఒకటుంది. అకౌంట్స్ సెక్షన్‌లో 24 నెలల బిల్లులు తీయించి ఎక్సెల్‌లో ఎక్కించండి. మొత్తం రూపాయలు ఒక్కటే కాదు. కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడిన యూనిట్లు), కేవీఏహెచ్ (బిల్లుకి లెక్కేసే యూనిట్లు), పవర్ ఫ్యాక్టర్ (మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది), ఆ నెల రికార్డయిన గరిష్ఠ డిమాండు, బిల్లు వేసిన డిమాండు, వీటిని వేరు వేరు కాలమ్స్‌లో రాయించండి. ఏప్రిల్‌ని ఏప్రిల్‌తోనే పోల్చాలి. నవంబరు బిల్లు తగ్గిందంటే పొదుపు చేసినట్టు కాదు. తుపానుకి వారం సెలవులిచ్చి ఉండొచ్చు, లేదా లైను పోయి మూడు రోజులు జనరేటర్ మీద నడిచి ఉండొచ్చు.

ఈ ఎక్సెల్‌లో మొదట కనపడేది డిమాండు. హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద వాడకందార్ల కనెక్షన్) సర్వీసులకు ఆ నెల రికార్డయిన గరిష్ఠ డిమాండు, కాంట్రాక్టు డిమాండులో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డిమాండు చార్జీ పడుతుంది. మీది 250 కాబట్టి 80 శాతం అంటే 200. మీరు పెట్టిన బిల్లుల్లో మామూలు నెలల్లో 140, ఎండాకాలంలో 165 కేవీఏ రికార్డయింది. అంటే మీరు ఏనాడూ వాడని డిమాండుకి నెలనెలా డబ్బు కడుతున్నారు. కాంట్రాక్టు డిమాండు 180కి తగ్గించుకుంటే 80 శాతం 144 అవుతుంది. మామూలు నెలలో 56 కేవీఏ మిగులు. కేవీఏకి 475 రూపాయలు అనుకుంటే నెలకు 26,600. ఒక్క బల్బు మార్చకుండా, ఒక్క దరఖాస్తుతో వచ్చే డబ్బిది.

కానీ రేపే దరఖాస్తు పెట్టకండి. కాంట్రాక్టు డిమాండు దాటితే అదనపు చార్జీ గట్టిగా పడుతుంది. వచ్చే ఏడాది ఏసీ సెమినార్ హాలు కట్టే ఆలోచన ఉంటే అదీ లెక్కలోకి రావాలి. హెచ్‌టీ అగ్రిమెంట్ కనీస గడువు పూర్తయిందా అన్నది కూడా చూడాలి. పైగా ఇప్పుడు చెప్పబోయే పనులు చేస్తే 165 ఇంకా దిగుతుంది. అది ఎక్కడ నిలుస్తుందో ఒక ఎండాకాలం చూసి, అప్పుడు తగ్గించుకుంటే మళ్ళీ మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

రెండోది పవర్ ఫ్యాక్టర్. మన రాష్ట్రంలో హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద పడుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.90 ఉంటే, మీరు 10,000 యూనిట్లు వాడితే మీటరు 11,111 లెక్కేస్తుంది. పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్లు ప్యానెల్ రూంలో ఉన్నాయి కదా అంటారు ఎలక్ట్రీషియన్లు. ఉంటాయి, సగం చచ్చిపోయి ఉంటాయి. కెపాసిటర్ పోయినా చప్పుడు రాదు, పొగ రాదు, లైటు ఆగదు. బిల్లులో తప్ప ఎక్కడా తెలియదు. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూడమనండి. 440 వోల్టుల 10 కేవీఏఆర్ కెపాసిటర్ బాగుంటే ఫేజుకి సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 5, 6 చూపిస్తే అది అలంకారానికి ఉన్నట్టే. ఇది గంట పని.

ఇక అసలు విషయం, రాత్రి లోడు. నేను ఏ కాలేజీకి వెళ్ళినా ఆడిట్ ఇక్కడ్నుంచే మొదలుపెడతాను. ఆదివారం రాత్రి పదింటికి మీటరు రీడింగ్ రాయించండి, మళ్ళీ సోమవారం తెల్లవారుజామున ఐదింటికి రాయించండి. తేడాని ఏడు గంటలతో భాగిస్తే, ఎవరూ లేని కాలేజీ ఎన్ని కిలోవాట్లు తింటోందో తెలుస్తుంది. ఒక్కటి మర్చిపోవద్దు. హెచ్‌టీ మీటరు సీటీ, పీటీల (కరెంటుని, వోల్టేజిని తగ్గించి మీటరుకిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల) ద్వారా కొలుస్తుంది కాబట్టి రీడింగ్‌ని ఎంఎఫ్‌తో (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్) హెచ్చించాలి. అది బిల్లు మీద రాసే ఉంటుంది. దాన్ని హెచ్చించకుండా "మా రాత్రి లోడు 230 వాట్లే" అని నాకు మెసేజ్ పెట్టినవాళ్ళున్నారు.

మా నెల్లూరు జిల్లాలో సముద్రం వైపున్న ఒక డిగ్రీ కాలేజీలో ఇలాగే చేశాం. హాస్టల్ లేదు. రాత్రిపూట వాచ్‌మన్ గదిలో బల్బు తప్ప ఏమీ ఉండదన్నారు ప్రిన్సిపాల్ గారు. రీడింగుల తేడా 1.6, ఎంఎఫ్ 40. అంటే ఏడు గంటల్లో 64 యూనిట్లు, సగటున 9 కిలోవాట్ల పైన. ఆ వాచ్‌మన్‌నే వెంటపెట్టుకుని, టార్చిలైటు, టాంగ్ టెస్టర్ పట్టుకుని రాత్రి పదకొండింటికి తిరిగాం. వరండాల్లో పాత కాపర్ చోకుల ట్యూబులైట్లు నలభై, ఒక్కోటి చోకుతో కలిపి 50 వాట్ల పైమాటే. ల్యాబుల్లో రెండు పెద్ద యూపీఎస్‌లు, కంప్యూటర్లేవీ నడవకపోయినా వెచ్చగా ఉన్నాయి. ఆ వేడి మనం కొన్న కరెంటే. సర్వర్ రూం ఏసీ 18 మీద ఉంది, తలుపు కింద అంగుళం సందు. ఐదు వాటర్ కూలర్లు ఎవరూ తాగని నీళ్ళని తెల్లార్లూ చల్లబరుస్తున్నాయి. వెనక బోరు మోటారు నడుస్తోంది, మిద్దె మీద ట్యాంకు పొంగి నీళ్ళు గోడ వెంట కారుతున్నాయి.

కూలర్లు ఎందుకు ఆపరని వాచ్‌మన్‌ని అడిగాను. "ఆపితే పొద్దున్నే సారోళ్ళు నీళ్ళు చల్లంగా లేవని అరస్తారు సార్. మనకెందుకొచ్చిన తంటా" అన్నాడు. అతని తప్పేం లేదు. ఆపమని అతనికెవరూ చెప్పలేదు, ఆపినందుకు మాత్రం తిట్లు తిన్నాడు. కూలర్లకి టైమర్లు పెట్టి పొద్దున ఏడింటికి ఆన్ అయ్యేట్టు చేశాం. ట్యాంకుకి ఫ్లోట్ స్విచ్, వరండాల్లో ఒక ట్యూబు వదిలి ఒకటి ఎల్‌ఈడీ, యూపీఎస్‌లలో ఒకటి సాయంత్రం ఆఫ్, సర్వర్ రూం తలుపుకి రబ్బరు పట్టీ, ఏసీ 24కి. రాత్రి లోడు నాలుగు కిలోవాట్లకి దిగింది. ఐదు కిలోవాట్లు, రోజుకి 14 గంటలు, 365 రోజులు అంటే 25,550 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే ఏడాదికి రెండు లక్షలు. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

ఈ రెండు లక్షల్ని ఫ్యాన్లతో పోల్చి చూపిస్తాను, ఎందుకంటే మీ కమిటీలో మొదట లేచే మాట "అన్నీ బీఎల్‌డీసీ ఫ్యాన్లు మార్చేద్దాం" అనే అయ్యుంటుంది. పాత ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, కరెంటు తక్కువ తినే మోటారుది) సుమారు 30. తేడా 45. క్లాసు రూముల్లో 400 ఫ్యాన్లు, రోజుకి ఏడు గంటలు, ఏడాదికి 200 రోజులు తిరిగితే ఆదా 25,200 యూనిట్లు. పైన టైమర్లతో వచ్చినంతే! కానీ ఫ్యాను 2,800 చొప్పున 11 లక్షలు పెట్టాలి, అవి తిరిగి రావడానికి ఐదేళ్ళ పైన పడుతుంది. అదే ఫ్యాను హాస్టల్ గదిలో చూడండి. మన ఉక్కపోతకి పద్దెనిమిది గంటలు తిరుగుతుంది, ఏడాదికి 280 రోజులు. ఒక్కో ఫ్యాను మీద 227 యూనిట్లు, పద్దెనిమిది వందల రూపాయలు. ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగొస్తుంది. కాబట్టి హాస్టళ్ళు ముందు, లైబ్రరీ తర్వాత, క్లాసు రూముల్లో మాత్రం పాడైన ఫ్యాను స్థానంలోనే కొత్తది. ఆడిటర్ రిపోర్టులో "ఫ్యాన్లన్నీ మార్చాలి, ఆదా ఇంత" అని ఒకే లైను ఉంటే, ఏ గదిలో ఎన్ని గంటలు లెక్కేశారని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన గదుల్లోకి వెళ్ళాడో, ఆఫీసులో కూర్చుని రాశాడో తేలిపోతుంది.

హాస్టల్ ఫ్యాన్లు కొనేటప్పుడు రిమోట్ మోడల్ వద్దు. మొదటి నెలలోనే సగం రిమోట్లు మాయమవుతాయి, ఆ తర్వాత ఫ్యాను ఏ స్పీడులో ఆగితే ఆ స్పీడే. గోడ మీది స్విచ్చితో స్పీడు మారేవి దొరుకుతున్నాయి, అవి తీసుకోండి. బీఎల్‌డీసీలో ఉండే సర్క్యూట్ బోర్డు వోల్టేజి పోట్లకు, పిడుగులకు పోతుంది కాబట్టి బోర్డు మీద ఎన్నేళ్ళ వారంటీయో రాతపూర్వకంగా అడగండి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. లేబుల్ లేని సరుకు చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు.

లైట్ల సంగతి ఇప్పటికే చాలా చోట్ల అయిపోయింది, ఎల్‌ఈడీలు వచ్చేశాయి. మిగిలింది వైరింగ్. మన క్లాసు రూముల్లో కిటికీ పక్క వరస, లోపలి వరస ఒకే స్విచ్చి మీద ఉంటాయి. బోర్డు దగ్గర చీకటి అని ఒక్క లైటు వెయ్యబోతే ఆరూ వెలుగుతాయి. వరసకో స్విచ్చి వేయించండి. లక్స్ మీటరుతో (వెలుతురు కొలిచేది) బల్లల మీద 300 లక్స్ ఉందో లేదో చూడండి. కిటికీ పక్కన మధ్యాహ్నం అది లైటు లేకుండానే వస్తుంది.

పంపుల గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం ఆడిట్‌లో ఇష్టమైన భాగం అదే. ఖర్చు లేకుండా కొలవొచ్చు. పది వేల లీటర్ల ట్యాంకు ఖాళీ చేసి, మోటారు వేసి, ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. గంట పట్టిందనుకుందాం, నీటి మట్టం నుంచి ట్యాంకు దాకా 30 మీటర్ల ఎత్తు అనుకుందాం. ఆ నీళ్ళని పైకెత్తడానికి నిజంగా కావాల్సింది సుమారు 0.8 కిలోవాట్లు. మీ మోటారు నాలుగు కిలోవాట్లు తీసుకుంటుంటే, ఐదు రూపాయల్లో నాలుగు రూపాయలు నేలపాలు. మూడుసార్లు రీవైండింగ్ చేయించిన మోటారు, అరిగిన ఇంపెల్లరు, ఉప్పు పట్టి సన్నబడిన పైపు, వీటిలో ఏదో ఒకటి కారణం అయ్యుంటుంది. హాస్టల్ మోటారు రోజుకి ఆరేడు గంటలు నడుస్తుంది కాబట్టి కొత్త పంపు డబ్బు తొందరగానే తిరిగొస్తుంది.

పై అంతస్తు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, కానీ అప్పటికి మీకు సెలవులు. మార్చి, ఏప్రిల్ పరీక్షల్లో పిల్లలు పై అంతస్తులో ఉడికిపోతారు కదా, అదీ సమస్య. మధ్యాహ్నం మూడింటికి వట్టి కాంక్రీటు శ్లాబు పైన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడండి, 60 డిగ్రీల దగ్గర చూపించినా ఆశ్చర్యపోకండి. పాత కాలేజీ భవనాల్లో మద్రాసు టెర్రస్ మిద్దెలు, ఎత్తైన గదులు, లోతైన వరండాలు ఉండేవి. ఆ గదుల్లోకి వెళ్తే ఇప్పటికీ తేడా తెలుస్తుంది. ఇప్పుడు కట్టే బ్లాకులకి పడమటి వైపు అద్దాలు పెట్టి, లోపల పరదాలు కట్టి, లైట్లు వేసుకుని, ఏసీ పెట్టుకుంటున్నాం. దీన్నేమనాలో నాకు తెలియదు.

మిద్దె మీద తెల్ల టైల్స్ వేస్తే మంచిది, లేకపోతే కూల్ రూఫ్ పెయింట్, అదీ కుదరకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోట్లు. మన తీరంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సున్నం ఫిబ్రవరిలో వెయ్యండి. జూన్‌లో వేస్తే ఎండాకాలం అయిపోయాక వేసినట్టు, ఆ తర్వాత తుపాను వానలకి కొట్టుకుపోతుంది. ఒకమాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఏసీ లేని గదులకి సున్నం వేస్తే బిల్లు పెద్దగా తగ్గదు. పిల్లలు నిద్రపోకుండా వింటారు, అంతే. రిపోర్టులో దాన్ని యూనిట్ల కింద చూపించొద్దు.

ఏసీల గురించి మీకు తెలిసినవే. డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెప్తుంది. తీరానికి దగ్గరైతే బయటి యూనిట్ ఫిన్స్ ఉప్పుగాలికి తినేసి ఉంటాయి, అవి చూసుకోండి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లుండి లోడు ఒక్కదానికే సరిపోతుంటే ఆ సంగతి ఆడిటర్‌ని ప్రత్యేకంగా చూడమనండి. లోడు లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ 24 గంటలూ కొంత తింటూనే ఉంటుంది.

ఇప్పుడు సోలార్. నేను సోలార్‌కి వ్యతిరేకిని కాదు, మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తుంది, బంగారం లాంటిది. కానీ పైన చెప్పినవన్నీ చేశాక మీ వాడకం తగ్గుతుంది. అప్పుడు మీకు 200 అక్కర్లేకపోవచ్చు, 120, 130 చాలొచ్చు. ముందే 200 పెట్టేస్తే వృథా అయ్యే కరెంటుని ఖరీదైన ప్యానెళ్ళతో తయారు చేసుకున్నట్టవుతుంది.

ఇంకో మెలిక ఉంది, సోలార్ అమ్మేవాళ్ళు మామూలుగా చెప్పరు. మీ లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.90 అనుకుందాం. రియాక్టివ్ లోడు (మోటార్లు, చోకులు లాగే, పనికి మారని భాగం) 48 కేవీఏఆర్. మధ్యాహ్నం సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే, గ్రిడ్ నుంచి తీసుకునేది 30 కిలోవాట్లే. కానీ ఆ 48 కేవీఏఆర్ మొత్తం గ్రిడ్ నుంచే వస్తుంది. మీటరుకి కనపడే పవర్ ఫ్యాక్టర్ 0.53కి పడిపోతుంది. కేవీఏహెచ్ బిల్లింగ్‌లో 30కి బదులు దాదాపు 57 లెక్కకొస్తుంది. సోలార్ పెట్టాక బిల్లు అనుకున్నంత తగ్గలేదని వాపోయే కాలేజీల్లో నేను మొదట చూసేది ఇదే. ముందు కెపాసిటర్ ప్యానెల్ బాగుచేసి, ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్ కూడా ఇచ్చేలా సెట్ చేయిస్తే ఈ తిప్పలుండవు. అగ్రిమెంట్‌లో ఆ మాట రాయించుకోండి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము మీ దాకా వస్తుంటే ప్యానెళ్ళు ఎవరు, ఎన్నాళ్ళకోసారి కడుగుతారో కూడా రాయించండి.

ఆడిటర్‌గా బీఈఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని పిలవండి. పని అప్పగించే ఉత్తరంలో ఇవి ఉండాలి: మెయిన్ ప్యానెల్ మీద పవర్ ఎనలైజర్ పెట్టి ఏడు రోజులు లాగింగ్ (రీడింగులు వరసగా రికార్డు చేయడం), అందులో ఒక ఆదివారం ఉండేలా, బ్లాకు వారీగా లోడు, పంపుల పరీక్ష, ప్రతి సిఫార్సుకీ వాడకం గంటలు, ఖర్చు, ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది. కార్బన్ లెక్క కూడా న్యాక్ ఫైలులో అడగొచ్చు. మన దేశ గ్రిడ్‌కి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వేసుకోవచ్చు. కొత్త బ్లాకు కట్టే ఆలోచన ఉంటే మాత్రం ఆర్కిటెక్ట్‌ని ఇప్పుడే అడగండి. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గానీ 120 కేవీఏ డిమాండు గానీ దాటితే ఇంధన పొదుపు భవన నిబంధనలు వర్తిస్తాయి. కట్టాక శ్లాబు, కిటికీలు మార్చలేం.

మీ దగ్గర ఈఈఈ (ఎలక్ట్రికల్) బ్రాంచి ఉంది. గదుల వారీ ఫ్యాన్లు, లైట్ల లెక్క, లక్స్ రీడింగులు, ట్యాంకు నిండే టైము, ఇవన్నీ మూడో సంవత్సరం పిల్లలు వారంలో తెస్తారు. వాళ్ళకి ప్రాజెక్టు అవుతుంది, ఆడిటర్‌కి ఫీజు తగ్గుతుంది. ప్యానెల్ రూంలోకి మాత్రం పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, ఎలక్ట్రీషియన్ లేకుండా టాంగ్ టెస్టర్ చేతికివ్వొద్దు.

ఈ ఆదివారం రాత్రి పదింటి రీడింగ్, సోమవారం ఐదింటి రీడింగ్, బిల్లు మీది ఎంఎఫ్ నాకు పంపండి. రెండు హాస్టళ్ళకీ సబ్ మీటర్లుంటే వాటివీ పంపండి. లేకపోతే ఆ రాత్రి హాస్టళ్ళలో ఎంతమంది ఉన్నారో వార్డెన్‌ని అడిగి రాయండి, ఆ లోడు తీసేసి చూద్దాం.